మందు ఎక్కడికి పోతుంది?

పోయిన డిసెంబర్‌లో మిడ్స్ అయిపోయిన రోజు రాత్రి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. చిన్నాయనకు ఎకరంన్నర మిరప, దాన్ని ఆనుకొని మామిడి తోట. ఆయన పొద్దుటి నుంచి మిరపకు మందు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి తల తిరుగుతున్నదని మంచం మీద ఒరిగిండట. రెండుసార్లు వాంతి చేసుకున్నడు. ఆస్పత్రికి తీసుకపోతే డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందు కొట్టిండు?"

"తామర పురుగు మందు సార్" అన్నది చిన్నమ్మ.

"దాని పేరేందమ్మా?"

"తెల్ల డబ్బ సార్. షాపాయన ఇచ్చిండు."

అప్పుడు నాకు ఫోన్. "నువ్వు కెమికలే కదరా చదివేది, జెర చెప్పు!" కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం వాడికి తెల్ల డబ్బా అనగానే లోపల ఏముందో తెలుస్తుందని ఆమె నమ్మకం. నాకేం తెలుస్తుంది? తమ్ముణ్ని బండి మీద పొలానికి తోలి డబ్బా ఫోటో తీయించాను. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంది: ఫిప్రోనిల్ 5 శాతం ఎస్‌సీ. ఆ ఫోటోనే డాక్టర్‌కు చూపించారు. రాత్రంతా కనిపెట్టుకొని ఉండి, మర్నాడు మధ్యాహ్నం చిన్నాయనను ఇంటికి పంపారు. ఆయన బాగానే ఉన్నాడు. కానీ ఆ పేరు నన్ను వదల్లేదు. సంక్రాంతి సెలవులంతా దాని గురించే చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

ముందు, పేరు ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. మన ఊళ్లలో పురుగుమందు అనగానే మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి గుర్తొస్తాయి. అవి ఆర్గానోఫాస్ఫేట్లు. నరాల దగ్గర ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమ్‌ను పట్టేస్తాయి. నోట్లో చొంగ, కన్నీళ్లు, చిన్నవైపోయిన కంటిపాపలు వాటి గుర్తులు. వాటికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అనే విరుగుళ్లు ఉన్నాయి. ఫిప్రోనిల్ పని వేరు. మెదడులో 'ఆగు' అని చెప్పే సంకేతం పేరు గాబా. ఆ గాబా తెరిచే క్లోరైడ్ ద్వారాన్ని ఇది మూసేస్తుంది. బ్రేకు తీసేసిన బండిలాగా నరాలు ఆగకుండా పరుగెడతాయి. పురుగు వణికి వణికి చస్తుంది. మనిషి ఒంట్లోకి ఎక్కువ పోతే ఫిట్స్ వస్తాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఫిట్స్ ఆపే డయజిపామ్ లాంటి మందులిచ్చి, ఊపిరి చూసుకుంటూ, విషం దిగేదాకా కాపాడటమే వైద్యం. రెండు డబ్బాలూ ఒకే షాపులో ఒకే అరలో ఉంటాయి. డాక్టర్ చేసే పని మాత్రం వేరు. అందుకే మనిషితో పాటు డబ్బా కూడా ఆస్పత్రికి పోవాలి.

అవ్వ అడిగిన రెండు ప్రశ్నలు

పండగకు ఇంటికి పోయినప్పుడు అరుగు మీద కూర్చొని ఫిప్రోనిల్ నిర్మాణం కాగితం మీద గీస్తున్నాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "ఏంరా ముగ్గేస్తున్నవ్?" అన్నది. నిజంగానే ముగ్గులాగే ఉంటుంది. ఒక బెంజీన్ వలయం, దానికి రెండు క్లోరిన్‌లు, ఒక సీఎఫ్3 గుంపు. పక్కన రెండు నైట్రోజన్‌లున్న అయిదు మూలల పైరజోల్ వలయం. దానికి ఒక అమైన్, ఒక సయనో గుంపు, ఇంకా ఈ కథలో హీరో అయిన సల్ఫర్. ఆ సల్ఫర్‌కు ఒక చేత ఆక్సిజన్, ఇంకో చేత మరో సీఎఫ్3. మొత్తం ఆరు ఫ్లోరిన్‌లు. అణుభారం 437లో 114 ఫ్లోరిన్‌దే, అంటే నాలుగో వంతు కన్నా ఎక్కువ.

ఇందులో ఫ్లోరిన్, గంధకం ఉన్నాయని చెప్పాను. అవ్వ వెంటనే, "ఫ్లోరిన్ అంటే మర్రిగూడ నీళ్లల్ల ఉండేదే కదా? గంధకమంటే మామిడికి బూడిద తెగులొస్తే కొట్టేదే కదా?" అన్నది. మా అవ్వ పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు ఆమె పుస్తకంలో చూడలేదు, బంధువుల్లో చూసింది.

అవ్వ ప్రశ్న చిన్నదేం కాదు. నల్గొండ నీళ్లలో ఉండేది ఫ్లోరైడ్ అయాన్. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి బోరునీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. ఆ అయాన్ ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ జాగాలోకి దూరి కూర్చుంటుంది. ఎముక గట్టిపడి పెళుసవుతుంది. ఫిప్రోనిల్‌లోని ఫ్లోరిన్ అట్లా విడిగా తిరిగేది కాదు. కార్బన్‌ను గట్టిగా పట్టుకొని ఉంటుంది. సేంద్రియ రసాయనంలో ఒంటి బంధాల్లో దీన్ని మించిన గట్టిది దాదాపు లేదు. దాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 485 కిలోజౌళ్లు కావాలి. కార్బన్-క్లోరిన్ బంధానికి 330 చుట్టుపక్కల చాలు. కాబట్టి ఫిప్రోనిల్ కొడితే ఫ్లోరోసిస్ రాదు. నల్గొండ టెక్నిక్ అని పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతి ఒకటుంది కదా, 1970లలో నాగ్‌పూర్ నీరీ వాళ్లు తయారుచేసింది. అది ఈ మందును నీళ్లలోంచి తీసేయడానికి చేసింది కాదు. పేరు ఒకటే, మనిషి వేరు.

గంధకం పొడి కూడా అంతే. అది ఉత్త సల్ఫర్. ఇక్కడి సల్ఫర్ చేతులకు కార్బన్‌లు తగిలించుకున్నది. ఇట్లాంటి వాటిని ఫ్లోరినేటెడ్ ఆర్గానోసల్ఫర్ సమ్మేళనాలు అంటారు. పేరు చూసి భయపడకండి. మన హాస్టల్‌లో ప్రతి రూములో ఒకటి ఉంది. మెస్ కారం తిన్నాక మింగే పాంటాప్రజోల్ గోళీ! దాంట్లోనూ ఒక ఫ్లోరిన్ గుంపు ఉంది, ఒకే ఆక్సిజన్‌ను పట్టుకున్న సల్ఫర్ ఉంది. ఒకే కుటుంబంలో ఒకరు కడుపుమంట తగ్గిస్తారు, ఒకరు పురుగును చంపుతారు. క్లోర్-ఆల్కలీ సెల్‌లో మనం బొమ్మ గీసే నాఫియాన్ పొర కూడా ఈ కుటుంబమే. ఎప్పటికీ చావని రసాయనమని పేరు మోసిన పీఎఫ్ఓఎస్ కూడా. దాన్ని 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు.

ఒక్క ఆక్సిజన్ దగ్గర ఆపడం

సల్ఫర్‌కు రెండు వైపులా కార్బన్‌లు ఉండి ఆక్సిజన్ లేకపోతే సల్ఫైడ్. ఒక ఆక్సిజన్ చేరితే సల్ఫాక్సైడ్. రెండు చేరితే సల్ఫోన్. ఇదొక మూడు మెట్ల వరస. ఫిప్రోనిల్, పాంటాప్రజోల్ రెండూ మధ్య మెట్టు మీద నిలబడినవే. తయారీలో తలనొప్పంతా ఇక్కడే: కింది మెట్టు నుంచి ఎక్కించాలి, పై మెట్టుకు పోనివ్వకూడదు.

పాంటాప్రజోల్‌లో ఇది కొంచెం తేలిక. సల్ఫైడ్‌ను చల్లగా ఉంచి, ఆక్సీకరణ కారకాన్ని లెక్కగా, మెల్లగా వేస్తారు. ఎక్కువైతే సల్ఫోన్ మలినం వస్తుంది. మందుల కంపెనీలో క్వాలిటీ వాళ్లు లెక్కపెట్టే మలినాల్లో అదొకటి. జీడిమెట్ల, బొల్లారం వైపు ఉద్యోగాలకు పోయే మన సీనియర్లకు ఇట్లాంటి తలనొప్పులు కొత్త కాదు.

ఫిప్రోనిల్‌లో మాత్రం సల్ఫర్ పక్కనే సీఎఫ్3 ఉంది. మూడు ఫ్లోరిన్‌లు కలిసి ఎలక్ట్రాన్‌లను తమ వైపు గుంజుకుంటాయి. సల్ఫర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు. పేదవాడి ఇంట్లో అప్పు వసూలు చేసినట్టు, మామూలు కారకంతో పని కాదు. అందుకని ట్రైఫ్లోరోపెరాసిటిక్ ఆమ్లం లాంటి బలమైనది వాడతారు. అది వాడితే రెండో ఆక్సిజన్ కూడా ఎక్కే ప్రమాదం. పైగా పెరాక్సీ ఆమ్లాలు వేడెక్కితే పేలతాయి. ఇంకో గమ్మత్తు. కార్బన్-ఫ్లోరిన్ బంధం గట్టిదని ఇందాకే అన్నాను కదా? ఇంత కఠినమైన పరిస్థితుల్లో కొంచెం హైడ్రోజన్ ఫ్లోరైడ్ బయటపడి రియాక్టర్ లోపలి గాజు పూతను తినేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి బోరిక్ ఆమ్లం కలిపే పద్ధతికి పేటెంట్ ఉంది. పాఠం చదివితే బంధశక్తి ఒక్కటే కనిపిస్తుంది. ప్లాంట్‌లో గాజు పూత కనిపిస్తుంది.

రెండో దారి, సల్ఫర్‌కు ఆక్సిజన్ ముందే ఉన్న ముక్కను, అంటే ట్రైఫ్లోరోమీథేన్ సల్ఫినేట్ లవణాన్ని తెచ్చి పైరజోల్‌కు అతికించడం. అప్పుడు మెట్లెక్కే పనే ఉండదు. మొదటి దారిలో సల్ఫర్‌ను అతికించడానికి వాడే సీఎఫ్3-సల్ఫెనైల్ క్లోరైడ్ విషవాయువు. కాబట్టి రెండో దారి మనుషులకూ మేలు. (ల్యాబ్‌లో చేసి చూద్దామని ఎవరైనా అనుకుంటే, మన ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ శబ్దం ఎట్లుంటదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.)

ఈ అణువును 1980లలో ఫ్రెంచ్ కంపెనీ రోన్-పౌలెంక్ వాళ్లు కనుక్కున్నారు, 1993లో మార్కెట్‌కు వచ్చింది. వరి కాండం తొలిచే పురుగుకు గుళికలుగా, మిరప తామర పురుగుకు ద్రవంగా, ఇంట్లో చెదలకు, కుక్కల గోమార్లకు కూడా ఇదే. తెలంగాణలో 2021 చివర నల్ల తామర పురుగు మిరప పూతను నాశనం చేసినప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టారు. చిన్నాయన కూడా అప్పటి నుంచే మిరప అంటే వారానికో డబ్బా అన్నట్టు తయారయ్యాడు.

"పోయింది లే"

చిన్నాయనతో వాదన మొదలైంది ఇక్కడ. "మందు కొట్టి మూడు దినాలైతే వాసన పోతది, మందు కూడ పోతది. గంతే కదా?" అన్నాడు. మోనోక్రోటోఫాస్ రోజుల నుంచి వచ్చిన అలవాటు అది: ముక్కే మీటరు. ఫిప్రోనిల్ దాదాపు ఆవిరి కాదు. వాసన ఉందా లేదా అన్నది దాని గురించి ఏమీ చెప్పదు.

మరి ఎక్కడికి పోతుంది? సమాధానం ఆ సల్ఫర్ మెట్ల మీదే ఉంది. నేలలో సూక్ష్మజీవులు, మన కాలేయంలో ఎంజైమ్‌లు దానికి ఇంకో ఆక్సిజన్ ఎక్కిస్తాయి. సల్ఫోన్ తయారవుతుంది. ప్లాంట్‌లో వద్దు వద్దన్న పై మెట్టు పనిని ఒళ్లు తనంతట తానే చేసేస్తుంది. ఈ సల్ఫోన్ కూడా గాబా ద్వారాన్ని మూస్తుంది. ఒంట్లో ఫిప్రోనిల్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. గాలి ఆడని బురదలో, వరి మడి లాంటి చోట, సల్ఫర్ కింది మెట్టుకు దిగి సల్ఫైడ్ అవుతుంది. అదీ విషమే.

ఎండ చేసే పని ఇంకా విచిత్రం. వెలుతురు తగిలితే సల్ఫర్, ఆక్సిజన్ రెండూ కలిసి అణువులోంచి ఊడిపోతాయి. సీఎఫ్3 మాత్రం పోదు, నేరుగా వలయానికి అతుక్కుంటుంది. దీన్ని డీసల్ఫినైల్ అంటారు. బర్క్‌లీలో కాసిడా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు హైన్‌జ్ల్ 1996లో దీన్ని వివరంగా చూపించారు. నరాల మీద దీని పని అట్లాగే ఉంది. పైగా ఎలుకల మీద పరీక్షలో ఫిప్రోనిల్ సగం ఎలుకలను చంపే మోతాదు కిలో బరువుకు సుమారు 97 మిల్లీగ్రాములైతే, దీనికి 20 కన్నా తక్కువే. ఎండకు మందు విరిగిపోతుందని మనం అనుకుంటాం. విరిగిన మాట నిజమే, ముక్క మాత్రం మొదటిదాని కన్నా చెడ్డది.

ఎండ బాగా తగిలే నీళ్లలో ఫిప్రోనిల్ కొన్ని గంటల్లోనే సగమవుతుంది. చీకటి నేలలో, ప్రయోగశాల కొలతల ప్రకారం, సగం కావడానికి నాలుగు నెలల దాకా పడుతుంది. అంటే మిరప మీద డిసెంబర్‌లో కొట్టింది ఉగాది దాకా మట్టిలో ఉండొచ్చు. నీళ్లలో బాగా కరగదు, లీటరుకు 2 మిల్లీగ్రాములే. కొవ్వులో నీళ్లకన్నా దాదాపు పదివేల రెట్లు ఇష్టంగా ఉంటుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలో కోళ్ల షెడ్లలో పేలు పోవడానికి కొట్టిన ద్రవంలో ఎవరో దీన్ని కలిపారు. అది గుడ్లలోకి వచ్చింది. లక్షల లక్షల గుడ్లు పారబోశారు. అక్కడ గుడ్డులో పరిమితి కిలోకు 0.005 మిల్లీగ్రాము. ఆ లెక్కలో ఫిప్రోనిల్ ఒక్కటే కాదు, సల్ఫోన్‌ను కూడా కలిపే కొలుస్తారు. పేరు మారినంత మాత్రాన మందు పోలేదని అక్కడి చట్టం ఒప్పుకుంది. మనం "పోయింది లే" అంటున్నాం.

ఆ కరగని గుణం వల్లే దీన్ని ఎస్‌సీగా అమ్ముతారు. సన్నగా నూరిన గింజలు నీళ్లలో తేలుతూ ఉంటాయి. నిలవుంటే అడుక్కు దిగుతాయి. డబ్బా బాగా ఊపకుండా వంచితే మొదటి ట్యాంకు పలచన, చివరి ట్యాంకు చిక్కన. ఆ రోజు ఏం జరిగిందని చిన్నాయనను మెల్లగా అడిగాను. చివరి రెండు ట్యాంకులు పొద్దు గుంకే ముందు గాలికి ఎదురుగా నడుస్తూ కొట్టాడు. తువ్వాల ముక్కుకు కట్టుకున్నాడు కానీ అది మందుతో తడిసిపోయింది. కలిపింది ఉత్త చేత్తో. అడుగున మిగిలిన చిక్కటి మందు, తడిసిన తువ్వాల, ముక్కు. రసాయన శాస్త్రం వివరించాల్సింది పెద్దగా ఏం లేదు.

తేనెటీగ లెక్క

సెలవుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపేసింది ఒక అంకె. తేనెటీగకు ప్రాణాంతక మోతాదు, అంటే పరీక్షలో సగం ఈగలు చచ్చే మోతాదు, సుమారు 4 నానోగ్రాములు. మీరూ నాతో లెక్క చేయండి. 5 శాతం మందు మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాములు. లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపితే స్ప్రే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే ఒక మైక్రోలీటరులో 100 నానోగ్రాములు. 4 నానోగ్రాములకు మైక్రోలీటరులో ఇరవై అయిదో వంతు చాలు. మామూలు నీటి చుక్క 50 మైక్రోలీటర్లు అనుకుంటే, ఒక్క చుక్కలో 1,250 ఈగల మోతాదు! మూడుసార్లు లెక్క వేశాను, సున్నా ఎక్కువ పడిందేమో అని. పడలేదు.

మా మామిడి డిసెంబర్, జనవరిలోనే పూతకొస్తుంది. కొల్లాపూర్ మామిడి అంటే మీకు తెలుసు, తెలియకపోతే మేలో మా రూముకు రండి. ఆ పూతకు ఈగలు, తేనెటీగలు కావాలి. మిరప పక్కనే మామిడి. మిరప మీద కొట్టిన మందు గాలికి పూత మీద పడుతుంది. మా ఊరికి అటు వైపు సోమశిల, కృష్ణమ్మ, ఆపైన నల్లమల. కొండతేనె పెట్టే పెద్ద ఈగలు కొన్ని కిలోమీటర్ల దూరం మేతకు పోతాయి. చెంచులు కొండచరియల మీద తాడు కట్టుకొని దిగి తీసే తేనె ఆ ఈగలదే. చిన్నాయన పంపులోంచి వచ్చిన చుక్కకూ చెంచుల తేనెకూ మధ్య ఎవరూ గీత గీయలేదు. ఐరోపా సమాఖ్య 2013లో ఫిప్రోనిల్‌ను విత్తనాలకు పట్టించి వాడటం చాలావరకు ఆపింది తేనెటీగల కోసమే. అమెరికాలో లూసియానాలో వరి విత్తనాలకు పట్టించిన ఈ మందు వల్ల తమ చెరువుల్లో క్రాఫిష్ చచ్చాయని వాటిని పెంచే రైతులు కోర్టుకెక్కారు. 2004లో కంపెనీ డబ్బు కట్టి రాజీ చేసుకుంది. చేపలకూ రొయ్యలకూ ఇది గట్టి విషం. పంపు కడిగిన నీళ్లు కాలువలో కలిసే చోటే మా ఊరి పిల్లలు గాలాలేస్తారు.

చిన్నాయనకు ఈ ఈగల లెక్క చెప్పాను. నానోగ్రాము ఆయనకు పట్టలేదు. "ఒక చుక్క, వెయ్యి ఈగలు" అన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి తామర పురుగు తిన్నంక నేనేం తినాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, ఇప్పటికీ లేదు. మిరప కింద పెట్టిన అప్పు నాకు తెలుసు. పూత మీద ఈగలు తిరిగే పూట కొట్టొద్దని, మామిడి వైపు గాలి వీస్తుంటే ఆగమని, డబ్బా ఊపి కలపమని, చేతికి గ్లౌజులు వేసుకోమని మాత్రం అన్నాను. గ్లౌజుల జత నేనే కొనిచ్చాను. ఉగాదికి పోయినప్పుడు అవి కొట్టంలో మేకుకు వేలాడుతున్నాయి, ఇంకా కవరు విప్పలేదు.

కానీ ఒకటి మారింది. ఇప్పుడు కొత్త డబ్బా కొన్నప్పుడల్లా లేబుల్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తున్నాడు. కింద ఒకటే ప్రశ్న: "దీంట్ల ఏముంది?" పోయిన వారం వచ్చింది ఎమామెక్టిన్ బెంజోయేట్. ఫ్లోరిన్ లేదు, సల్ఫర్ కూడా లేదు. ఇంత పెద్ద వలయం ఉన్న అణువును నేను ఇంతవరకు కాగితం మీద గీయలేదు. అవ్వకు మాత్రం ముగ్గు నచ్చుతుంది.